గోదాంలో పిక్కలు, ఇంట్లో సున్నా

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఉద్యోగం మానేసి ఎనిమిది నెలల క్రితం జీడిపప్పు యూనిట్ పెట్టాను. దాచుకున్న 7 లక్షలు, మా ఆవిడ బంగారం మీద తెచ్చిన 2 లక్షలు షెడ్డుకు, మిషన్లకు అయిపోయాయి. ఇంటి ఖర్చు నెలకు 22 వేలు. యూనిట్‌కు అద్దె, కరెంటు, ఇద్దరి జీతాలు కలిపి 30 వేలు. పలాస వ్యాపారి నుంచి 1.80 లక్షలు నాలుగు నెలలుగా రావాలి. బస్తా 14 వేల చొప్పున 30 బస్తాల పిక్కలు (పెంకుతో ఉన్న ముడి జీడిగింజలు) కొనడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు ఇస్తామంటున్నారు. జీతాలకు డైలీ ఫైనాన్స్‌లో లక్ష తీసుకుందామనుకుంటున్నాను. కిలో పప్పుకు 110 రూపాయలు మిగులుతుందని నా లెక్క. బావమరిది కూడా 3 లక్షలు పెడతానంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: ఆ రెండు అప్పులూ వద్దు. మీ లెక్కే చూడండి. 80 కిలోల బస్తాకు పప్పు 20 కిలోలు వేసుకుంటే 30 బస్తాలకు 600 కిలోలు. 5 లక్షలకు వడ్డీ నెలకు 15 వేలు. సరుకు అమ్ముడై డబ్బు తిరిగొచ్చేసరికి ఆరు నెలలు పడితే 90 వేలు, అంటే కిలోకు 150. మిగిలేది 110. పిక్కలు కొట్టేది మీరు, తినేది వడ్డీవాడు.

డైలీ ఫైనాన్స్ ఇంకా ఘోరం. లక్ష అని చెప్పి చేతిలో 90 వేలు పెడతారు. మర్నాటి నుంచి రోజుకు వెయ్యి, వంద రోజులు. ‘పది వేలే కదా’ అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తరిగిపోతుంది కాబట్టి సగటున మీ చేతిలో ఉండేది 45 వేలే. ఏడాది లెక్కన వడ్డీ 75 శాతం దాటుతుంది. పైగా మీకు పలాస డబ్బు నాలుగు నెలలకూ రావడం లేదు, కిస్తీ మాత్రం రేపు పొద్దున్నే కట్టాలి.

అసలు తప్పు అప్పు దగ్గర మొదలు కాలేదు. ఉన్నదంతా మిషన్లలో పోసి, ఇంటికి ఒక్క నెల ఖర్చు కూడా ఉంచుకోకుండా షట్టర్ ఎత్తారు. కొత్తగా యూనిట్ పెట్టేవాళ్లలో ఎక్కువమంది చేసేది ఇదే, అందుకే మీ ఉత్తరం ఎంచుకున్నాను. ఇంటికి ఆరు నెలలు, అంటే 1.32 లక్షలు. యూనిట్ స్థిర ఖర్చులకు మూడు నెలలు, 90 వేలు. మొత్తం 2.22 లక్షలు. ఇది చేతిలో పడేవరకు సొంత డబ్బుతో ఒక్క బస్తా కూడా కొనకండి. ఈ డబ్బును యూనిట్ కరెంట్ ఖాతాలో ఉంచొద్దు, సరుకు చౌకగా కనపడగానే చెయ్యి అటే పోతుంది. వేరే బ్యాంకులో మీ ఆవిడతో కలిపి ఖాతా తెరిచి 50 వేల ముక్కలుగా ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేయండి. అవసరమైతే ఒక ముక్క విరిస్తే చాలు.

ఎక్కడి నుంచి తేవాలంటే, ముందు ఆ 1.80 లక్షలు రాబట్టండి. సరుకు పంపే నాటికే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉండి ఉంటే చట్టం మీ వైపు ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజుల్లోపు కొన్నవాడు చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కొన్నవాడు ఆంధ్రాలో ఉన్నా ఫిర్యాదు మీ ఒడిశాలోనే, చిన్న యూనిట్ల బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో వేయొచ్చు. ముందు నోటీసు పంపండి, చాలాసార్లు దానికే కదులుతారు. రిజిస్ట్రేషన్ లేకపోతే ఇవాళే చేయించండి, ఉచితం. కానీ పాత బిల్లులకు పనికిరాదు. రెండోది, ఈ సీజన్‌కు ఇతరుల పిక్కలు జాబ్ వర్క్‌కు తీసుకోండి. బాయిలింగ్, కటింగ్, పీలింగ్ మీవి, పెట్టుబడి వాళ్లది. లాభం తక్కువే, నిద్ర పడుతుంది.

తర్వాతే బ్యాంకు. ఏడాదికి 20 లక్షల టర్నోవర్ చూపగలిగితే అందులో 20 శాతం, 4 లక్షల సీసీ లిమిట్ (క్యాష్ క్రెడిట్, అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే రుణ పరిమితి) అడగండి. 5 శాతం, అంటే లక్ష, మీది ఉండాలి. చిన్న యూనిట్‌కు 10 లక్షల లోపు రుణానికి బ్యాంకు తనఖా అడగకూడదు, ఇంటి పట్టా అడిగితే ఆ మాట గుర్తుచేయండి. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ అనే రకం 5 లక్షల వరకు ఉంది. కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎంఈజీపీ పథకం కొత్త యూనిట్లకే కనుక మీకు దారి మూసుకుపోయింది.

సరిహద్దు ఊళ్లవాళ్లు మర్చిపోయే సంగతొకటి. పర్లాకిమిడి నుంచి పలాసకు పప్పు అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. టర్నోవర్ ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు, చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో టర్నోవర్ మీద పన్ను కట్టే కాంపోజిషన్ పద్ధతి కుదరదు. రిజిస్టరయ్యాక రైతు దగ్గర పిక్కలు కొంటే 5 శాతం పన్ను మీరే నగదుగా కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి, అంటే మీ అమ్మకాల పన్నులో తగ్గించుకోవాలి. 30 బస్తాలకు అది 21 వేలు. మీ లెక్కలో ఈ డబ్బు లేదు.

బావమరిది డబ్బు తీసుకోవచ్చు, వాటా ఎంతో కాగితం మీద రాసుకుని. నెలనెలా ఇంతని అడిగితే అది వాటా కాదు, అప్పే.

పిక్కలు గోదాంలోకి వచ్చిన రోజే స్టాక్‌కు, మిషన్లకు బీమా చేయించండి. భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో అగ్నితో పాటు తుఫాను, వరద కూడా ఉంటాయి. వేసవిలో కొన్న సరుకు అక్టోబరులో ఇంకా బస్తాల్లోనే ఉంటుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే మన తీరం మీద పడ్డాయి. ప్రీమియం సెప్టెంబరు దాకా ఆపకండి.