ఒడియాలో రాసిన వీలునామాను తెలుగు వారసులు ప్రశ్నించవచ్చా?
ఒడిశాలోని పర్లాకిమిడిలో మంచం పట్టిన తెలుగు తండ్రి పేరిట ఒడియాలో రాయించి, రిజిస్టరు చేయించిన వీలునామాను బిడ్డలు తప్పక సవాలు చేయవచ్చు. రిజిస్టరైనంత మాత్రాన అది రుజువైనట్టు కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం సంతకాన్ని గానీ వేలిముద్రను గానీ కనీసం ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి. మోసం, బలవంతం రుజువైతే 61వ సెక్షన్ కింద అది చెల్లదు.

అయితే ఇక్కడ అసలు పట్టు వేరే ఉంది. ఒడియా చదవలేని మనిషికి దస్తావేజును తెలుగులో ఎవరైనా చదివి వినిపించారా, ఎక్కువ ఆస్తి దక్కిన కొడుకే దస్తావేజు లేఖరిని ఇంటికి పిలిపించాడా అన్నవి అనుమానాస్పద పరిస్థితులు. వాటిని నివృత్తి చేయాల్సిన భారం వీలునామాను ముందుకు తెచ్చినవారిదేనని వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు 1959లోనే స్పష్టం చేసింది. కూతురికి తక్కువ రాశారన్న బాధ ఎంత న్యాయమైనదైనా, అదొక్కటే సరిపోదు. ఆసుపత్రి చీటీలు, ఆయన పాత సంతకాలున్న కాగితాలు ఇప్పుడే భద్రపరచండి.