ఇంగ్లండ్‌లో కౌన్సిలర్ ప్రవర్తనపై ఫిర్యాదు చేస్తే, నా పేరు ఆయనకు తెలుస్తుందా?

చాలా సందర్భాల్లో తెలుస్తుంది. తన మీద ఆరోపణ చేసింది ఎవరో తెలియకపోతే కౌన్సిలర్ సరిగా జవాబు చెప్పుకోలేరు కదా. అయితే పేరు దాచమని మీరు అడగవచ్చు. వేధిస్తారనో, ఉద్యోగం పోతుందనో, ఆరోగ్యం దెబ్బతింటుందనో భయముంటే ఆ కారణాన్ని ఫిర్యాదులోనే స్పష్టంగా రాయండి. "నాకు టెన్షన్‌గా ఉంది" అంటే సరిపోదు. ఏం జరుగుతుందని భయపడుతున్నారో, ఎందుకో చెప్పాలి. ఫిర్యాదు పంపేముందే మానిటరింగ్ ఆఫీసర్‌తో (ఇలాంటి ఫిర్యాదులను చూసే కౌన్సిల్ అధికారి) మాట్లాడటం ఇంకా మంచిది. అభ్యర్థన ఒప్పుకోకపోతే పేరు బయటపెట్టే ముందు ఫిర్యాదు వెనక్కి తీసుకునే వీలిస్తారా అని అప్పుడే అడగండి.

అసలు పేరే లేని ఆకాశరామన్న ఉత్తరాలను చాలా కౌన్సిళ్లు పక్కన పెడతాయి. విషయం తీవ్రమైనదై, గట్టి ఆధారాలుంటేనే పరిశీలిస్తాయి.

2011 నాటి లోకలిజం చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్‌కూ ప్రవర్తనా నియమావళి ఉండాలి. విచారణ జరిపిన ఆరోపణపై నిర్ణయానికి ముందు స్వతంత్ర వ్యక్తి (ఇందుకోసం కౌన్సిల్ నియమించే బయటి మనిషి) అభిప్రాయం తీసుకోవాలి. పారిష్ (ఊరి స్థాయి చిన్న కౌన్సిల్) కౌన్సిలర్ మీద ఫిర్యాదైనా పైనున్న డిస్ట్రిక్ట్ లేదా యూనిటరీ (ఆ ప్రాంతపు పెద్ద) కౌన్సిల్‌కే వెళుతుంది. నా దృష్టిలో పెద్ద లోపం శిక్షల దగ్గరుంది: తప్పు రుజువైనా ఈ చట్టం కింద కౌన్సిలర్‌ను సస్పెండ్ చేసే అధికారం కౌన్సిల్‌కు లేదు. అభిశంసన (తప్పుపడుతూ తీర్మానం), కమిటీల నుంచి తొలగించాలన్న సిఫార్సు, శిక్షణ లాంటివే మిగులుతాయి. ఆర్థిక ప్రయోజనాలు కావాలని దాచిపెడితే మాత్రం అది నేరం, పోలీసుల దాకా వెళ్తుంది.