గ్యాస్ అంటే భయమా, గ్రీజు అంటే నామోషీయా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. కొండపల్లి వైపు గ్యాస్ కంప్రెసర్లు (గ్యాస్‌ని నొక్కి ప్రెషర్ పెంచే మెషిన్లు) సర్వీసు చేసే సంస్థలో ట్రెయినీగా రమ్మన్నారు. వాల్వులు విప్పి బాగుచేసే పనట. ఏమైనా జరిగితే ఎలా అని టెన్షన్‌గా ఉంది. తోడల్లుడి కొడుకు లాప్‌టాప్ ముందు కూర్చుంటే వీడు గ్రీజు చేతులతో రావడమేమిటని మా ఆవిడ బాధ. హైదరాబాద్‌లో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సులో చేర్పించమని బంధువులు అంటున్నారు. ఏది మేలు? - ఒక మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: బాధ ఆవిడదని రాశారు గానీ, మీది కూడా అనిపించిందండి. సరే, ముందు భయం సంగతి చూద్దాం.

ప్రమాదం లేదని చెప్పను. కానీ మెషిన్ ఆపాం కదా అని వెంటనే వాల్వ్ కవర్ మీద స్పానర్ పెట్టరు. కరెంటు ఆపి తాళం వేస్తారు, తాళంచెవి పని చేసేవాడి జేబులో ఉంటుంది. గ్యాస్ వచ్చే లైను, పోయే లైను మూసేసి, లోపలిది బయటికి వదిలేస్తారు. మండే గ్యాసైతే నైట్రోజన్ పట్టించి బయటికి తోలేస్తారు. మిగిలిన ప్రెషర్‌కి పిస్టన్ జరిగితే వేళ్లు పోతాయి కాబట్టి ఫ్లైవీల్ (మెషిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) కదలకుండా కట్టేస్తారు. కవర్ నట్లు కూడా ఒక్కసారిగా ఊడదీయరు. అన్నీ కొద్దికొద్దిగా వదులు చేసి, కొన్ని మరలు పట్టి ఉంచి, కవర్‌ని కాస్త లేపి చూస్తారు. గేజ్ సున్నా చూపిస్తున్నా లోపల గ్యాస్ చిక్కుకుని ఉంటే అక్కడే బుస్సుమంటుంది. కవర్ మాత్రం ఎగిరి ముఖానికి తగలదు, దాన్ని పట్టి ఉంచే స్టడ్ల (బోల్టుల) మీదే ఆగిపోతుంది.

ఇదంతా నాకు చెప్పింది ఆరేళ్ల క్రితం మీలాగే భయపడిన ఒక తండ్రి కొడుకు. అతనిచ్చిన విరిగిన వాల్వ్ ప్లేటు నా టేబుల్ మీద ఉంది. అరచేతిలో ఇమిడే ఉక్కు బిళ్ల, ఒక అంచు నెలవంకలా ఎగిరిపోయింది. ఆ ముక్క సిలిండర్‌లో పడితే లోపలంతా గీరుకుపోతుందట. గ్యాస్‌ని లోపలికి తీసుకునే సక్షన్ వాల్వుని పొరపాటున బయటికి పంపే డిశ్చార్జ్ వాల్వు చోట బిగిస్తే గ్యాస్ బయటికి పోయే దారే ఉండదు, ప్రెషర్ పెరిగి మెషినే పగలొచ్చు. అందుకే బిగించేముందు పుల్లతో ప్లేటు నొక్కి ఎటు తెరుచుకుంటుందో చూసుకుంటారు. ఇంత ఒద్దిక నేర్పే పని తక్కువైపోయిందా?

ఇక నామోషీ. మీ మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎండాకాలం దాటుతున్నాయంటే కోల్డ్ స్టోరేజీలో అమ్మోనియా కంప్రెసర్ తిరగబట్టే కదా! అందులోనూ సక్షన్, డిశ్చార్జ్ వాల్వులే. నడి వేసవిలో అది మొరాయిస్తే మెకానిక్ ఎప్పుడొస్తాడా అని ఎదురు చూసేవాళ్లలో మీరూ ఉంటారు. అప్పుడు అతనికి కాఫీ తెప్పిస్తారు. మీ అబ్బాయి అదే పని చేస్తానంటే పరువు పోతుందా?

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు, ఆరు నెలల కోర్సుల మీద అనుమానం ఉంది. స్టాటిస్టిక్స్ ఇష్టంగా చదివి, కోడింగ్ కొంత వచ్చినవాడికి అది మంచి దారి. మీవాడికి లెక్కలంటే ఇష్టమో కాదో ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అసలు వాడికేం కావాలో కూడా లేదు. బంధువుల అభిప్రాయం మాత్రం ఉంది! 'ప్లేస్‌మెంట్ గ్యారంటీ' అన్న చోట ఫీజు వెనక్కిచ్చే షరతులు చదవండి. అక్కడ వాడు పోటీ పడాల్సింది నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లతో. ఇంకో మాట. లీకయ్యే వాల్వ్ కవర్ మిగతావాటికంటే వేడెక్కుతుంది. ఆ టెంపరేచర్లు రోజూ రాసుకుని, ఏది పోబోతోందో ముందే చెప్పేవాడు చేసేదీ డేటా పనే.

రెండూ పోల్చి చెప్పమన్నారు. మొదట్లో ట్రెయినీ జీతం చూసి మురిసిపోయేదేం ఉండదు, ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు ఓపిక పట్టాలి. చేతిలో పని నిలబడ్డాక డిగ్రీ కావాలంటే డిప్లొమావాళ్లకి ఇంజనీరింగ్‌లో సీటిచ్చే ఈసెట్ పరీక్ష ఎలాగూ ఉంది. మీవాడు సరేనంటే నా ఓటు కొండపల్లికే. కాకపోతే చేరేముందు వాడినే వెళ్లి అడగమనండి: పర్మిట్ (పనికి అనుమతి కాగితం) రాసి సంతకం అయ్యాకే పని మొదలెడతారా, ఎవరి తాళం వాళ్లకిస్తారా, గ్యాస్ డిటెక్టర్ ఉందా, కొత్తవాడి పక్కన సీనియర్ ఉంటాడా? మొదటి వారమే ఒంటరిగా పంపే చోటైతే వద్దని నేనే అంటాను.

ఈ జవాబులు వచ్చేదాకా హైదరాబాద్ కోర్సుకి అడ్వాన్సు కట్టకండి.