న్యాయ సలహా: ఆన్‌లైన్ తగాదాకు ఏ ఊరి కోర్టు?

ప్రశ్న: రెండు హెచ్‌పీ ఏరేటర్లు (చెరువు నీటిలో గాలి కలిపే యంత్రాలు) రెండు ఆన్‌లైన్‌లో 82 వేలకు కొన్నాను. ఎకరంన్నర రొయ్యల చెరువు, నేనే చూసుకుంటాను. ఇరవై రోజులకే ఒకదాని గేర్‌బాక్స్ పోయింది. అమ్మినవాళ్లు పలకడం లేదు. బిల్లు మీద 'వివాదాలన్నీ బెంగళూరు కోర్టుల పరిధిలోనే' అని ఉంది. అంతదూరం తిరగాలా?
– ఓ రైతు, ఉండి

జవాబు: అక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు కాపురం ఉన్న చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. చట్టం ఇచ్చిన ఈ హక్కును బిల్లు మీద అచ్చేసిన ఒక్క వాక్యం లాగేసుకోలేదు. 'ఆర్బిట్రేషన్‌కే (కోర్టు బయట ప్రైవేటు తీర్పరి దగ్గరికే) వెళ్లాలి' అన్న షరతు ఉన్నా కమిషన్ తలుపు మూసుకోదని సుప్రీంకోర్టు 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో ఖాయం చేసింది.

మీకు అసలు చిక్కు వేరే ఉంది. 'రొయ్యల సాగు వ్యాపారం, మీరు వినియోగదారే కాదు' అని అవతలివాళ్లు మొట్టమొదట అడ్డు తగులుతారు. సొంత కష్టంతో జీవనోపాధి కోసం వాడుకునే వస్తువైతే అది వ్యాపార అవసరం కిందికి రాదని చట్టమే చెబుతోంది. కాబట్టి చెరువు విస్తీర్ణం, మీరే మేత వేసి చూసుకుంటున్న సంగతి, వేరే ఆదాయం లేకపోతే ఆ మాట, అన్నీ ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయండి. నలభై ఎకరాల చెరువులు, జీతగాళ్లు ఉన్న ఆసామికైతే ఈ దారి కష్టం. ఆయన సివిల్ కోర్టుకే వెళ్లాలి. అక్కడ ఆ బెంగళూరు షరతుకు బలం ఉంటుంది. రెండు మూడు ఊళ్ల కోర్టులకు పరిధి ఉన్నప్పుడు అందులో ఒకదాన్ని ముందే ఎంచుకునే ఒప్పందం చెల్లుతుందని 2013 నాటి స్వస్తిక్ గ్యాసెస్ తీర్పు.

గేర్‌బాక్స్‌ను ఊళ్లో మెకానిక్‌తో విప్పించకండి. తయారీ లోపమా కాదా తేల్చడానికి కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపవచ్చు. సీలు ఊడిందంటే 'మీరే పాడుచేశారు' అంటారు. ఆడుతున్నప్పటి వీడియో, సీరియల్ నంబరు ఫొటో, మీ చిరునామా ఉన్న ఇన్‌వాయిస్, డబ్బు కట్టిన రసీదు దాచండి. ముందు వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) రాతపూర్వకంగా రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా ఉపయోగమే. తేలకపోతే వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. అమ్మినవాణ్నీ, వెబ్‌సైట్‌నూ ఇద్దరినీ ప్రతివాదులుగా పెట్టండి. ఒకరినే పెడితే తప్పు రెండోవాళ్లదంటూ నెట్టేస్తారు.

ప్రశ్న: పుణె కాంట్రాక్టరు వాట్సాప్‌లో మొక్కలు ఆర్డరిచ్చాడు. లారీ పంపాను. ఇంకా లక్షా 90 వేలు రావాలి. అడిగితే 'పుణె వచ్చి కేసు వేసుకో' అంటున్నాడు.
– నర్సరీ యజమాని, కడియం

జవాబు: ఇక్కడ మీరు అమ్మకందారు, కాబట్టి పై దారి మీకు లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షనే దిక్కు. ప్రతివాది ఉండే ఊళ్లో గానీ, కాజ్ ఆఫ్ యాక్షన్ (దావాకు కారణమైన సంగతులు) కొంతైనా పుట్టిన ఊళ్లో గానీ దావా వేయవచ్చు.

ఇప్పుడు ఆ చాట్ మొత్తం మొదటి నుంచి చదవండి. ఖాయం చేసిన ఆఖరి మాట ఎవరిది? మీరు రేటు చెప్పి, అతను 'సరే పంపండి' అంటే, ఆ అంగీకారం మీకు అందిన చోటే ఒప్పందం కుదిరినట్టు. ఫోన్ ఒప్పందాల గురించి 1965లో భగవాన్‌దాస్ కేడియా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇదే. ఎలక్ట్రానిక్ సందేశం అందుకున్నవారి వ్యాపార స్థలంలో చేరినట్టే లెక్క అని ఐటీ చట్టం 13వ సెక్షన్ అంటుంది. సర్వర్ ఏ దేశంలో ఉన్నా, ఆ సమయంలో మీరు ఫోన్ పట్టుకుని ఏ పెళ్లిలో ఉన్నా సంబంధం లేదు. అదే అతను రేటు పెడితే మీరు 'ఓకే' అన్నారా, ఈ వాదన తిరగబడి పుణెకు పోతుంది. అప్పుడైనా చేతులెత్తేయక్కర్లేదు. లోడింగ్ కడియంలో జరిగింది, డబ్బు మీ ఖాతాకు రావాలి. ఒప్పందం అమలైన చోటు, సొమ్ము చెల్లించాల్సిన చోటు కూడా కాజ్ ఆఫ్ యాక్షన్‌లో భాగమే. రాజమహేంద్రవరం కోర్టుకు పరిధి ఉందని ప్లెయింట్‌లో (దావా పత్రంలో) ఈ వాస్తవాలన్నీ తేదీలతో రాయించండి. 'ఈ కోర్టుకు పరిధి కలదు' అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే ప్లెయింట్ తిరిగొచ్చే ప్రమాదం ఉంది. చాట్‌తో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఫోన్ మార్చినా పాతది పారేయకండి.

గడువు మూడేళ్లు. బాకీ 3 లక్షలు దాటి ఉంటే కమర్షియల్ కోర్టు చట్టం వర్తించి, అత్యవసర ఉత్తర్వులు అడిగితే తప్ప ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సి వచ్చేది. ఒక మాట ముందే చెప్పాలి: డిక్రీ ఇక్కడ వచ్చినా, అతని ఆస్తి పుణెలో ఉంటే దాన్ని అక్కడి కోర్టుకు బదిలీ చేయించి ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయాల్సిందే. ఇకపై కొటేషన్‌లోనే 'రాజమహేంద్రవరం కోర్టుల పరిధి' అని పెట్టి, ఒప్పుకున్నాకే లారీ కదిలించండి. సరుకు వెళ్లాక బిల్లు మీద అచ్చేస్తే ఒప్పుకున్నాడని చూపడం కష్టం.

ప్రశ్న: పార్ట్‌టైమ్ ఉద్యోగమని నమ్మి 46 వేలు పంపాను. మోసగాడి ఖాతా రాజస్థాన్‌లో ఉంది, అక్కడే ఫిర్యాదు ఇవ్వాలని స్టేషన్‌లో అన్నారు.
– గృహిణి, రాజోలు

జవాబు: అది సరికాదమ్మా. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ విధానాల చట్టం) 173వ సెక్షన్ చెబుతోంది. పైగా మోసపు సందేశాలు మీకు అందింది రాజోలులో. 202వ సెక్షన్ ప్రకారం సందేశం పంపిన చోటా, అందిన చోటా విచారణ జరపవచ్చు. అంతకన్నా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి యూపీఐ లావాదేవీ నంబరు చెప్పండి. డబ్బు ఖాతాల నుంచి ఖాతాలకు పారిపోకముందే ఆపగలిగితేనే తిరిగొచ్చే ఆశ. స్టేషన్‌లో మళ్లీ కాదంటే ఫిర్యాదు సారాంశం అమలాపురంలోని ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.