కుక్కపిల్లకి జబ్బు చేసిందని ముందే ఎలా కనిపెట్టాలి? నాకు తెలిసినంత చెప్తా

రెండు నెలల లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నాం, పక్కింటి వాళ్ళ కుక్కపిల్ల పోయిన నెల రక్త విరేచనాలతో చచ్చిపోయింది, మాకు టెన్షన్‌గా ఉంది, అసలు ఏ జబ్బులు వస్తాయి, ఎలా కనిపెట్టాలి అని ఒంగోలు నుంచి అడిగారు కదా. నేను డాక్టర్ని కాను. మాది నెల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్నాయి, అక్కడ కాపలాకి నాటు కుక్కలు, ఇంట్లో ఒక లాబ్. కాబట్టి పుస్తకంలో ఉన్న జబ్బులన్నీ కాకుండా మన వైపు ఎండకీ వానకీ మా కుక్కలకి ఏమొచ్చాయో, డాక్టర్లు ఏం చెప్పారో అదే రాస్తాను.

ముందు పక్కింటి సంగతి. మీరు చెప్పినదాన్ని బట్టి అది పార్వో అనే వైరస్ జబ్బు అయ్యుండొచ్చు. అదే అయితే మీరు ఇప్పుడే జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతికే ఉంటుంది, ఏడాది దాకా కూడా ఉండొచ్చంటారు, మనం వాడే ఫినాయిల్‌కి చావదు. బట్టలకి వాడే బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకి ముప్ఫై వంతుల నీళ్ళు కలిపి, నేల ముందు శుభ్రంగా కడిగేసి, ఆ తర్వాత పోసి పది నిమిషాలు ఉంచితే చస్తుంది. పక్కింటి వాళ్ళు ఎలాగూ వాడటం లేదు కదా అని ఆ గిన్నె, గొలుసు, గోనె సంచి ఇస్తామంటారు, తీసుకోవద్దు. వాళ్ళింటికి వెళ్ళొచ్చిన చెప్పులు కూడా గేటు బయటే వదలండి. పార్వో మొదట్లో రక్తం పడదు. పిల్ల తిండి మానేసి మూలకి వెళ్ళి పడుకుంటుంది, తర్వాత నురగ నురగగా వాంతులు, ఆ తర్వాత భరించలేని వాసనతో విరేచనాలు. చిన్నపిల్లలో వాంతులు మొదలైతే పొద్దున చూద్దాంలే అనొద్దు, ఒక్క రాత్రికే ఒంట్లో నీళ్ళన్నీ పోతాయి. దానికి నేరుగా పనిచేసే మందు మనకి దొరికేది కాదు, సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, బతికించుకోవడమే.

టీకా సంగతి చాలామందికి సరిగ్గా తెలియదు. ఒక్క ఇంజెక్షన్ వేయించి అయిపోయింది అనుకుంటారు. తల్లిపాల నుంచి వచ్చిన రక్షణ పిల్లలో కొన్నాళ్ళు ఉంటుంది, అది ఉన్నంతవరకు టీకా సరిగా పట్టదు, అది ఎప్పుడు తగ్గుతుందో పిల్లపిల్లకీ తేడా. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు దాటేదాకా వేస్తారు. అది పూర్తయి రెండు వారాలు గడిచేదాకా వీధిలో నడిపించొద్దు, చంకనేసుకుని తిప్పండి. ఇంకోటి, టీకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాలి. షాపులో కొని, మే నెల ఎండలో క్యారీ బ్యాగులో వేసుకొచ్చి ఇంట్లో పొడిపించుకునే వాళ్ళని చూశాను, డబ్బు మిగిలిందని సంతోషం తప్ప ఆ మందులో ఏం మిగిలుంటుందో నాకైతే నమ్మకం లేదు. ఫ్రిజ్‌లోంచి మీ కళ్ళ ముందు తీసి వేసే చోటే వేయించండి.

ఇక కనిపెట్టడం. ముక్కు ఎండిపోతే జ్వరం అని అందరూ చెప్తారు, ఎండలో పడుకుని లేచినా ముక్కు ఎండుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. రోజూ ఒకసారి పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూసే అలవాటు చేసుకోండి. బాగున్న కుక్కకి గులాబీ రంగులో తడిగా ఉంటాయి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్ల లోపు మళ్ళీ రంగు రావాలి. పాలిపోతే రక్తం తగ్గింది, పచ్చబడితే కామెర్లు, జిగటగా ఎండిపోతే ఒంట్లో నీళ్ళు లేవు. కొన్ని కుక్కలకి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లాగి లోపల చూడాలి. థర్మామీటరు ఒకటి కుక్క కోసమే విడిగా పెట్టుకుని, వాజెలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడండి. దానికి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలే. మన లెక్కన జ్వరం అనుకుని చిన్నపిల్లల పారాసిటమాల్ సిరప్ పోసేవాళ్ళున్నారు, అసలు పోయొద్దు, కాలేయం, రక్తం రెండూ దెబ్బతింటాయి. ఐబూప్రోఫెన్, డైక్లోఫినాక్ కూడా అంతే.

మా వైపు ఎక్కువ కుక్కల్ని బాధపెట్టేది గోమార్ల జ్వరం. టిక్ ఫీవర్ అని రాస్తారు చీటీలో. మా లాబ్‌కి వచ్చినప్పుడు పొద్దున్నే పాలన్నం పెడితే వాసన చూసి పక్కకి తిరిగి పడుకున్నాడు, అంతే, వేరే గుర్తేం లేదు. మా ఆవిడ పెదవి ఎత్తి చూసి చిగుళ్ళు తెల్లగా ఉన్నాయి, నడువు అంది. డాక్టరు పొట్ట మీద బొచ్చు పక్కకి జరిపి చూపించారు, చర్మం లోపల సూదిమొన అంత ఎర్రచుక్కలు. ప్లేట్‌లెట్లు పడిపోతే అలా వస్తాయట, కొన్నింటికి ముక్కులోంచి రక్తం కూడా కారుతుంది. చెవి అంచున చిన్నగా పొడిచి ఒక బొట్టు గాజు పలక మీద రాసి పరీక్షకి తీసుకున్నారు. ఎందుకంటే గోమార్లు తెచ్చేది ఒక్క జబ్బు కాదు. ఎర్లీకియా అనే క్రిమి అయితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్, సుమారు నాలుగు వారాలు. బబీసియా అయితే మూత్రం ముదురు రంగులో రావచ్చు, డాక్సీసైక్లిన్ ఒక్కటే సరిపోదు, వేరే మందు ఉంటుంది. అందుకే పరీక్ష లేకుండా మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చి వేయడం నాకు నచ్చదు. ఇంకో తిరకాసు, వారంలో కుక్క లేచి తినేస్తుంది, మనవాళ్ళు మాత్రలు ఆపేస్తారు, ఆ క్రిమి ఒంట్లో నెలల తరబడి నక్కి ఉండి, రక్తం తయారయ్యే చోటే దెబ్బకొట్టి బయటపడుతుంది. కోర్సు పూర్తి చేయండి. ఖాళీ కడుపున వేస్తే కక్కేస్తుంది, అన్నం పెట్టాక వేయండి, పాలలో కలపొద్దు.

ఇక్కడే చాలామంది శ్రమంతా వృథా అవుతుంది. కుక్క ఒంటి మీద గోమార్లు ఏరేసి స్నానం చేయించి కూర్చుంటారు. ఆ గోధుమరంగు గోమారి పిల్లగా ఒకసారి, కాస్త పెరిగాక ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి రక్తం తాగుతుంది, ప్రతిసారీ కుక్క మీద నుంచి దిగిపోతుంది. రక్తం తాగి ఆముదం గింజంత ఉబ్బిన ఆడది గోడ పగుల్లో వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. అంటే కుక్క మీద కనిపించే వాటికన్నా మీ ఇంట్లో ఉన్నవే ఎక్కువ. తలుపు చట్రం వెనక, మంచం కీళ్ళ సందుల్లో, కర్టెన్ మడతల్లో, కుక్క పడుకునే చోట గోడ పైభాగాన టార్చి వేసి చూడండి, నమ్మరు. సందులు సిమెంటుతో మూయించడం, పరుపుని మరిగే నీళ్ళలో ఉతకడం, పశువులకి వాడే బ్యూటాక్స్ లాంటిది కుక్క లేనప్పుడు నేలకీ గోడలకీ కొట్టించి పూర్తిగా ఆరాకే లోపలికి రానివ్వడం, ఇవన్నీ కొన్ని వారాల పాటు మళ్ళీ మళ్ళీ చేయాలి. అదే మందుని మోతాదు తెలియకుండా కుక్క మీద పోస్తే నాకేసి వణికిపోతుంది, ఫిట్స్ వస్తాయి. కుక్కకైతే నెలకోసారి వేసే నెక్స్‌గార్డ్, మూడు నెలలు పనిచేసే బ్రవెక్టో లాంటి మాత్రలు ఉన్నాయి, ఖరీదే, కానీ బరువు చూసి డాక్టరు రాసినట్టు వేస్తే జ్వరం వచ్చాక పెట్టే ఖర్చు కన్నా తక్కువే. ఇదివరకు ఫిట్స్ వచ్చిన కుక్క అయితే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పండి. కనిపించిన గోమారిని చేత్తో నలపకండి, ప్లకర్‌తో చర్మం దగ్గరగా పట్టి నిదానంగా లాగి స్పిరిట్‌లో వేయండి. వేళ్ళ సందులు, చెవుల మడతలు, తోక కింద ముందు చూడాలి. కిరోసిన్ రాయడం, అగ్గిపుల్ల కాల్చి అంటించడం లాంటివి చేయొద్దు.

మిగతావి తొందరగా చెప్పేస్తా. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు మడుగుల్లో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మా గుంటల దగ్గర నాకు దాని భయమే ఎక్కువ, మనుషులకీ వస్తుంది కాబట్టి. దాని టీకా ఏడాదికోసారి మళ్ళీ వేయించాలి, సెప్టెంబరులోనే గుర్తుపెట్టుకోండి. కంట్లో ముక్కులో చీము, దగ్గు, ఆ తర్వాత దవడ, కాళ్ళు అదురుతుంటే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు అనుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రోహిణి కార్తెలో పొద్దున ఆరు దాటాక నడకకి తీసుకెళ్ళొద్దు. నాలుక ముదురు ఎరుపై తూలుతుంటే నీడకి చేర్చి మామూలు నీళ్ళు ఒళ్ళంతా పోసి ఫ్యాను కింద ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్ళండి, ఐసు గడ్డల్లో ముంచొద్దు. నులిపురుగుల మందు పిల్లప్పుడు రెండు వారాలకోసారి, తర్వాత నెలకోసారి, ఆర్నెల్లు దాటాక మూడు నెలలకోసారి. చేపల పులుసు అన్నం మిగిలింది కదా అని పెట్టేస్తుంటాం మనం, అందులో ముల్లు ఒక్కటే కాదు, ఉల్లిపాయ, వెల్లుల్లి ఎక్కువైతే కుక్క రక్తకణాల్నే చంపేస్తాయి.

రేబిస్ టీకా మూడు నెలలకి, మళ్ళీ ఏడాదికి, తర్వాత ఏటేటా. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల) దినం అని ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తుంటారు. మీ పిల్లకి ఇంకా వేయలేదు కాబట్టి ఇంట్లో పిల్లలకి పన్ను గీసుకున్నా కారం, సున్నం, ఆకుపసరు పెట్టకుండా, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. 0, 3, 7, 28 రోజులకి ఇంజెక్షన్లు వేస్తారు, గాయాన్ని బట్టి సీరం కూడా అవసరమవుతుంది, ఎలాంటి గాయమో ఉన్నదున్నట్టు చెప్పండి.