గుండె దడకు రూమ్మేట్ మాత్రలా?

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాను. పగలు నాలుగు కాఫీలు, రాత్రి మెలకువ కోసం రెండు ఎనర్జీ డ్రింకులు తాగుతాను. తలనొప్పికి మాత్ర వేసుకుంటాను. నెల రోజులుగా గుండె దడ. మొన్న మెట్లెక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. రూమ్మేట్ దగ్గరున్న ప్రొప్రనలాల్ దడ వచ్చినప్పుడల్లా వేసుకుంటే తగ్గుతోంది. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది, ఇన్‌హేలర్ వాడతాను. ఎనర్జీ డ్రింకులు మానేసి కాఫీ ఒక్కటే తాగితే ఫర్వాలేదా?

– ఒక పాఠకుడు

జవాబు: కాఫీ సంగతి తర్వాత. ముందు ఆ ప్రొప్రనలాల్ ఇంకొక్కటి కూడా వేసుకోకండి. గుండె వేగాన్ని తగ్గించే మందు అది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వం. ఇది శ్వాసనాళాలను బిగదీస్తుంది. ఆయాసం ముదిరితే ఆ సమయానికి మీ ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయకపోవచ్చు. మీ రూమ్మేట్‌కి ఏ జబ్బుకు రాశారో మీకు తెలుసా? చదువుకున్నవాళ్లు, గ్రూప్స్ రాస్తున్నవాళ్లు కూడా పక్కవాళ్ల మందు ఇలా మింగేస్తే ఎలా అండీ! దడ తగ్గిందని మీరు ఊరుకున్నారు, అసలు కారణం అలాగే ఉండిపోయింది.

మెట్లెక్కుతుంటే కళ్లు బైర్లు కమ్మడాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఈ వారంలోనే ఫిజీషియన్‌ని కలిసి ఈసీజీ తీయించుకోండి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం కూడా చూస్తారు, అవసరమైతే ఎకో (గుండె స్కాన్) రాస్తారు. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. ఇన్‌హేలర్ ఎన్నిసార్లు పీలుస్తున్నారో కూడా చెప్పాలి, చాలా ఇన్‌హేలర్లలో ఉండే సాల్బుటమాల్ అనే మందుతోనూ దడ వస్తుంది. ఈలోగా ఛాతీనొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, ఆయాసం ఆగకపోయినా 108కి ఫోన్ చేయండి.

ఇక మీరు అడిగింది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం ఎనర్జీ డ్రింకులో లీటరుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ ఉండకూడదు. అంటే 250 మి.లీ. డబ్బాలో 75 వరకు. కాఫీ కప్పులో, డికాక్షన్ చిక్కదనాన్ని బట్టి, 60 నుంచి 100 దాకా ఉండొచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకు 400 హద్దు అంటారు. మీరిప్పటికే ఆ హద్దు మీదో, దాటో ఉన్నారు, పైగా దడ ఉంది. డబ్బా మానేసి ఆ లోటు కాఫీతో పూడిస్తే ఒరిగేదేమీ లేదు. కూల్‌డ్రింకుల్లో కోలాల్లోనూ కెఫీన్ ఉంటుంది, తక్కువే.

చాలామంది లెక్కలో వేసుకోనిది మాత్రల్లోని కెఫీన్. కొన్ని తలనొప్పి, జలుబు మాత్రల్లో అది కలిపే ఉంటుంది, అట్ట వెనక చదవండి. ఆయాసానికి షాపువాళ్లిచ్చే డెరిఫిలిన్ లాంటివి కూడా కెఫీన్ కుటుంబానివే, రెండూ కలిస్తే దడ పెరుగుతుంది. విరేచనాలకని సొంతంగా వేసుకునే సిప్రోఫ్లాక్సాసిన్ అయితే కెఫీన్‌ని ఒంట్లోంచి త్వరగా పోనివ్వదు. మామూలుగానే సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, రాత్రి 11కి తాగింది తెల్లవారుజామున కూడా నిద్ర పట్టనివ్వదు.

డబ్బాలు ఈ రాత్రి నుంచే ఆపండి. కాఫీ మాత్రం రెండు మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి, ఒక్కసారిగా మానితే తలనొప్పి వస్తుంది, మళ్లీ మాత్ర వెతుక్కుంటారు. మిమ్మల్ని చూడకుండా ఇంతకు మించి చెప్పలేను. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇన్‌హేలర్, మింగిన మాత్రల అట్టలన్నీ, రూమ్మేట్ ఇచ్చినదాంతో సహా, పట్టుకెళ్లండి.