పార్కింగ్ లాట్‌లో "నా కారు గీరేశావు" అని ఎవరో మీదికొస్తే

సందేహం: కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సరుకులు కొనుక్కుని బయటికి వస్తే, పక్క కారాయన "రివర్స్‌లో నా బంపర్ గీరేశావు, 600 డాలర్లు జెల్ (Zelle, బ్యాంకు యాప్‌లోంచి నేరుగా డబ్బు పంపే సేవ) చేసెయ్, ఇన్సూరెన్స్ దాకా ఎందుకు" అంటున్నాడు. నాకు తగిలినట్టే తెలియదు. ఏం చేయాలి?

ముందు జెల్ మూసి కెమెరా తెరవండి. జెల్‌లో మీరే పంపిన డబ్బు వెనక్కి రావడం వట్టి మాట.

600 అనగానే కొత్తవాళ్ల బుర్ర రూపాయల్లో లెక్కేస్తుంది, అర లక్ష అని కాళ్లు వణుకుతాయి. ఆ కంగారుకి తోడు డిడక్టబుల్ భయం: అవతలివాడి రిపేరుకి కూడా మొదటి 500 లేదా 1,000 మన జేబులోంచే పోతుందనుకుంటారు. పోదండీ. డిడక్టబుల్ మన కారు బాగుచేయించుకునే కొలిజన్ కవరేజీకి. అవతలి కారుకిచ్చేది లయబిలిటీ (ఎదుటివారి నష్టం భరించే భాగం) కింద, దానికి డిడక్టబుల్ లేదు. కాలిఫోర్నియాలో 2025 నుంచి కనీస పాలసీలోనూ ఎదుటివారి ఆస్తి నష్టానికి 15,000 డాలర్లు ఉంటుంది. మన ఊళ్లో బండ్లు రాసుకుంటే నలుగురు పోగవుతారు, ఓ పెద్దమనిషి తీర్పు చెబుతాడు. ఇక్కడ ఆ పెద్దమనిషి మీ ఇన్సూరెన్స్ కంపెనీ. నెలనెలా ప్రీమియం కట్టి ఆయన్ని పోషిస్తూ తగువులో మీరే దిగుతారా?

ఇక ఫొటోలు. రెండు కార్లూ కదలకముందే నాలుగు మూలల నుంచీ తీయండి, పార్కింగ్ గీతలూ షాపు బోర్డూ పడాలి. తర్వాత దగ్గరికెళ్లి ఆయన చూపించే గీత, మీ బంపర్ మూల. కారులో టేపు ఉంటే నేల నుంచి ఎత్తు కొలిచి, అంకె కనబడేలా తీయండి. గీత 28 అంగుళాల దగ్గరుండి, మీ బంపర్ మూల 21 దగ్గర పొడుచుకొస్తుంటే రెండూ కలవవు. రెండు అంగుళాల తేడాకి మాత్రం పేచీ పెట్టకండి, డిక్కీలో బియ్యం బస్తాలుంటే వెనక భాగం ఆ మాత్రం కుంగుతుంది.

రంగు చూడండి. మీది తెల్ల కారైతే ఆయన గీతలో తెల్ల రంగో, మీ మూల మీద ఆయన రంగో మామూలుగా అంటుకుని ఉంటుంది. రెండు వైపులా ఏమీ లేకపోతే అది మీ పక్షాన మాట్లాడే సాక్ష్యం. గీతలో మట్టి గడ్డకట్టి ఉంటే పాతదే అనుకోవచ్చు. తుప్పు కోసం వెతికితే రేకు తలుపు మీద వెతకండి, ప్లాస్టిక్ బంపర్ తుప్పు పట్టదు. మొత్తం తేలేదాకా మీ కారు కడిగించవద్దు, పాలిష్ అసలే వద్దు.

షాపు మేనేజరుని కలిసి ఫలానా తేదీ, ఫలానా సమయం ఫుటేజీ చెరిపేయకుండా ఉంచమని రాసివ్వండి. మీ చేతికి ఇవ్వకపోవచ్చు, ఇన్సూరెన్స్ వాళ్లో పోలీసులో అడిగినప్పుడు ఉంటే చాలు. కొన్నిచోట్ల వారం తిరగకుండానే దాని మీద కొత్తది రికార్డైపోతుంది. దెబ్బలేవీ తగలకపోతే పోలీసులు ప్రైవేటు పార్కింగ్‌కి చాలాసార్లు రారు. 911 కాకుండా నాన్ ఎమర్జెన్సీ నంబరుకి చేయండి.

మాట దగ్గరే మనవాళ్లు దొరికిపోతారు. మనకి "సారీ" ఊతపదం. "మీకు ఇబ్బందైంది, అయ్యో" అనడం వేరు, "నాదే తప్పు" అనడం వేరు, రెండోది రేపు మీ మెడకే చుట్టుకుంటుంది. "తగల్లేదు" అని ఒట్టేయడం కూడా వద్దు, "తగిలినట్టు నాకు తెలియలేదు" అంటే నిజం, చాలు. పేరు, అడ్రసు, లైసెన్సు, రిజిస్ట్రేషన్, పాలసీ నంబరు ఇచ్చిపుచ్చుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబరూ వీసా కాగితాలూ ఎవరికీ చూపనక్కర్లేదు. కోపమొచ్చి వివరాలివ్వకుండా వెళ్లిపోతే మాత్రం, నిజంగా తగిలి ఉంటే, చిన్న గీత కాస్తా హిట్ అండ్ రన్ కేసవుతుంది.

ఆ రోజే మీ కంపెనీకి చెప్పండి. "ప్రీమియం పెరుగుతుంది" అని దాచేవాళ్లే ఎక్కువ. కాలిఫోర్నియాలో సగానికి మించి తప్పు మీదని తేలితేనే ఆ ప్రమాదం మీ లెక్కలోకి వస్తుంది. దాచి, నెలల తర్వాత కోర్టు కాగితం వచ్చాక చెబితే "అప్పుడే ఎందుకు చెప్పలేదు" అని వాళ్లే మొహం చాటేయొచ్చు. అవతలి కంపెనీ వాళ్లు ఫోన్ చేసి రికార్డు చేస్తామంటే, మా అడ్జస్టర్‌తో (క్లెయిము చూసే మన కంపెనీ మనిషి) మాట్లాడండని చెప్పి పెట్టేయండి.

ఇంత చెప్పినా చేతిలో డబ్బు పెట్టి వదిలించుకుంటాననే మొండివాళ్లుంటారు. బంపర్ విప్పాక లోపల సెన్సర్ పోయిందంటూ అదే మనిషి ఇంకో 1,400 అడుగుతాడు. ఇస్తే చెక్కు ఇవ్వండి, "ఈ ఘటనకి ఇక ఏ క్లెయిమూ లేదు" అని తేదీతో సంతకం పెట్టించుకున్నాకే ఇవ్వండి.

నష్టం 1,000 డాలర్లు దాటితే ప్రైవేటు స్థలమైనా పది రోజుల్లో డీఎంవీకి (ఇక్కడి ఆర్టీవో లాంటి ఆఫీసు) ఎస్ఆర్-1 అనే ప్రమాద నివేదిక ఫారం వెళ్లాలి, వివరాలు వాళ్ల సైట్లోనే ఉన్నాయి. ఆస్తి నష్టానికి దావా వేయడానికి ఆయనకి మూడేళ్ల గడువుంది, అందాకా ఫోన్‌లో చోటు లేదని ఆ ఫొటోలు తీసేయకండి.